వంటగట్టంత ఎత్తు

అమ్మాయి వాళ్ళమ్మకి,

ఇక్కడ అంతా క్షేమమని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. అక్కడ నువ్వు, అమ్మాయి, అల్లుడు, పసిది క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పసిదానికి నా ముక్కే వచ్చిందని రాశావు. పాపం, పెద్దయ్యాక సర్దుకుంటుందేమో చూద్దాం. అమ్మాయికి కాన్పు నీరసం ఇంకా తగ్గలేదన్నావు. దాన్ని లేవనివ్వకు, పనులకి అల్లుణ్ణి తిప్పు.

నీ ఉత్తరం నిండా ప్రశ్నలే. తింటున్నారా అని అడిగావు. తింటున్నాను. పొద్దున వండింది రాత్రికి, రాత్రి మిగిలింది పొద్దుటికి. రుచి సంగతి అడక్కు. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నారెందుకని అడిగావు. నా గొంతు వింటే చాలు, నువ్వు ఇంట్లో ఏ గిన్నె సొట్టపోయిందో కూడా చెప్పేస్తావు, అందుకని. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయేంటన్నావు. రాసే బల్ల ఎగుడుదిగుడుగా ఉంది. ఇంకో రెండు ప్రశ్నలున్నాయి, వాటికి కాస్త ఆగి జవాబిస్తాను. ఈమధ్య ఏ పనైనా ఆగి ఆగి చెయ్యాల్సి వస్తోంది.

ముందు స్టాండు సంగతి. మన ఇనుము కోసే మిషన్ పాత స్టాండు నీకు తెలియనిది కాదు. మిషనేమో ఇనుము, కాళ్ళేమో డబ్బా రేకు. ఇంత చిన్న కోత మిషన్‌కి ఇది చాల్లే అనుకున్నాడు చేసినవాడు. గోడ దగ్గర కోత మొదలుపెడితే, పైపు తెగేసరికి అది ఊగుకుంటూ గుమ్మం దాకా నడిచొచ్చేది. "దానికీ ఈ కొట్లో ఉండబుద్ధి కావట్లేదండీ" అని నవ్వేదానివి. పొడుగాటి పైపైతే ఆ చివర నువ్వు పట్టుకుని నిలబడితేనే మిషన్ కుదురుగా ఉండేది. ఇన్నాళ్ళూ ఆ స్టాండుకి అయిదో కాలు నువ్వే. నువ్వు వెళ్ళాక గట్టిది చెయ్యక తప్పింది కాదు.

నాలుగు మూలలా మందమైన చదరపు పైపు కాళ్ళు, పైనా కిందా ఎల్ ఆకారం యాంగ్లర్ ఇనుముతో చట్రం. ఎటు తోసినా పడకుండా కాళ్ళు కాస్త బయటికి ఏటవాలుగా పెట్టాను. ఒకప్పుడైతే మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకి ముగించేసేవాణ్ణి. ఇప్పుడు నా ప్రాణం తోడేసింది. మొదటిసారి అతుకులన్నీ ఒక పక్క నుంచే వేసుకుంటూ పోయాను. వెల్డింగ్ వేడికి ఇనుము లాగుతుంది, ఇటు ఒక అతుకు వేస్తే ఎదురు మూలన ఇంకోటి వెయ్యాలి అని ఎంతమందికి చెప్పి ఉంటాను! తీరా నిలబెడితే మూడు కాళ్ళు నేలకి ఆనాయి, నాలుగోది గాల్లో ఉంది. పక్క కొట్టు లేతు మేస్త్రి, అదే, నువ్వు గొణుగుడు అని పేరు పెట్టావే, ఆయన చూసి తల పట్టుకున్నాడు.

"ఏంటిది, గోడ దొరికిన కుక్కలా కాలెత్తింది?"

"లాగింది."

"లాగదా మరి? అంతా ఒక పక్కే అంటించావ్. నన్ను పిలిస్తే నీ సొమ్మేం పోయింది?"

గొణుక్కుంటూనే గ్రైండర్ తెచ్చి అతుకులన్నీ కోసేశాడు. రెండోసారి ఆయనే వెల్డింగ్ చేశాడు, నేను మూలమట్టం ఆనించి నిలబడ్డాను. అదురు తగ్గడానికి కాళ్ళలో ఇసుక నింపి మూతలు వేశాం. మిషన్ బిగించి, దాని మీద నీళ్ళ గ్లాసు పెట్టి, పైపు కోసి చూశాం. గ్లాసులో నీళ్ళు కాస్త వణికాయి, చుక్క కూడా ఒలకలేదు. గొణుగుడు ఆ గ్లాసెత్తి నీళ్ళు తాగేశాడు. నేను సంతోషించాలి కదా? అంత ఓపిక లేక స్టూలు మీద కూలబడ్డాను.

ఇక ఆ రెండు ప్రశ్నలు. నేను గీసి పంపిన బొమ్మ చూసి, స్టాండు అంత పొట్టిగా పెట్టారేంటి, రోజంతా వంగితే మీ నడుమేం కాను అన్నావు. "నేను లేనప్పుడు పైపు చివర ఎవరు పట్టుకుంటున్నారు?" అని కూడా అడిగావు.

ఎవరూ పట్టుకోలేదు. నువ్వు బండెక్కిన వారంలోనే, గేటు పని ఒకటి ఉంటే, బరువైన పైపుని ఒక్కణ్ణే ఎత్తి పెట్టుకున్నాను. చివర కింద ఖాళీ రంగు డబ్బా ఉంచాను, అది చాలనుకున్నాను. పైపు తెగగానే డబ్బా పక్కకి జారింది. పైపు వెళ్ళి స్టాండు రేకు కాలికి తగిలింది, కాలు మడతపడింది, మిషన్ నా మీదికి ఒరిగింది. పడే మిషన్ని పట్టుకోకూడదు, వదిలేసి పక్కకి దూకాలి. కొట్లో అడుగుపెట్టిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి మాట అదే. నా చెయ్యి మాత్రం నా మాట వినలేదు, పట్టుకుంది. కుడి మణికట్టు విరిగింది.

గొణుగుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కట్టు విప్పేశారు. ఎముక అతుక్కుంది కానీ వేళ్ళు మునుపటిలా ముడుచుకోవు, బరువు పనులు మానెయ్యమన్నాడు డాక్టరు. నట్టు బిగించలేకపోతున్నాను. గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. అక్షరాల తప్పు బల్లది కాదు, ఎడమ చేత్తో రాస్తున్నాను. అతుకులు ఒక పక్కే పడిందీ అందుకే, ఎడమ చెయ్యి అందినంత మేరే వేశాను.

ముందే చెబితే పచ్చి బాలింతని వదిలేసి పరిగెత్తుకొస్తావని చెప్పలేదు. అదొక్కటే కాదు. కాగితం మీద రాస్తే నిజమైపోతుందని భయమేసింది. ఇప్పుడూ భయంగానే ఉంది. కొట్లో కూర్చుని కుడి చెయ్యి చూసుకుంటే ఏడుపొస్తోంది.

స్టాండు కాళ్ళు కోయించేముందు టేపు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. గట్టు కట్టించినప్పుడు తాపీమేస్త్రి చేత రెండుసార్లు పగలగొట్టించావు, గుర్తుందా? "పని చేస్తుంటే నా భుజం లేవకూడదు" అని పట్టుబట్టావు. ఆ గట్టు ఎత్తు కొలిచాను. మిషన్ బల్ల సరిగ్గా అంత ఎత్తుకి వచ్చేలా, పైపులు కొన్న చోటే కాళ్ళు కోయించాను. నాకు పొట్టే, నీకు సరిపోతుంది.

వంటింట్లోంచి చప్పుడు విని "బ్లేడు మొద్దుబారిందండీ, మార్చండి" అని కేకేసేదానివి. నేను మొండికేసి ఇంకో పైపు కోసి, అది వంకర తెగాక మార్చేవాణ్ణి. ఆ చెవి ఉన్నదానికి మిగతాది నేర్పడం ఎంతసేపు? ఈ మాటే గొణుగుడుతో అన్నాను.

"ఆవిడ ఒప్పుకుందా?"

"ఇంకా అడగలేదు."

"అడక్కుండానే కాళ్ళు కోయించేశావా!"

అందుకే అడుగుతున్నాను. మిషన్ నువ్వు నడుపుతావా? ఇష్టం లేదంటే బలవంతం లేదు. కాళ్ళ కింద దిమ్మలు వేసి ఎత్తు పెంచి, మిషన్ ఎవరికైనా ఇచ్చేసి కొట్టు మూసేస్తాను. ఆ మాట రాయడానికే చాలాసేపు పట్టింది. నువ్వు మాత్రం ఈ ఉత్తరం చూసి హడావుడిగా బయల్దేరకు. అమ్మాయి లేచి తిరిగే దాకా ఉండు. స్టాండు ఇప్పుడు ఎక్కడికీ నడవదు.

పైపు చివర ఎవరు పట్టుకుంటారని కదా అడిగావు? నేను పట్టుకుంటాను. దానికి ఎడమ చెయ్యి చాలు.

ఇట్లు,
కొత్త స్టాండుకి అయిదో కాలు,
అమ్మాయి వాళ్ళ నాన్న