అడిగినవాడి పేరు

రంగూన్, 1926. ఆదివారం.

ఈ సాయంత్రం, మేస్త్రీ అప్పులిచ్చి ఓడెక్కించి తెచ్చిన రేవు కూలీల బసలో అమెరికా బానిసల కథ చెప్పాను. వాళ్ళు దక్షిణాది పత్తి తోటల నుంచి ఉత్తరాదికి పారిపోయేవారనీ, దారిలో ఇళ్ళలో దాచినవాళ్ళు ఉండేవారనీ, ఆ తగువుతోనే దేశం రెండుగా చీలిందనీ చెప్పాను.

వెనక నుంచి సింహాచలం అడిగాడు: "ఆళ్ళకి ఉత్తరాది ఉంది. మేస్త్రీ ఒగ్గకపోతే మేమెటు పోవాల బాబూ?"

పొద్దుపోయిందంటూ లేచాను.

బయటికొస్తుంటే మేస్త్రీ నా భుజం తట్టాడు. "బాగా సెప్పినావు పంతులూ. ఆ అడిగినోడు సీకట్లో ఆనలేదు. పేరేటి?"

మెచ్చుకున్నాడన్న సంబరంలో చెప్పేశాను. ఛీ, పాడు నోరు.

రేపు పొద్దున్న ఓడ దగ్గర మేస్త్రీ పనికి పేర్లు పిలుస్తాడు. సింహాచలాన్ని పిలవకపోతే?

దాచినవాళ్ళ గురించి అంతసేపు చెప్పాను. పట్టిచ్చినవాళ్ళ ఊసే ఎత్తలేదు.