పండేదాకా ఆగిన కన్ను

కామేష్ అన్నకి,

నీ చెల్లెలు సోని ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తోంది. డొంకరాయిలో ఉన్న నీకు ఎప్పుడు ఫోను చేసినా అందదు. అందినా ఈ సంగతి ఫోనులో చెప్పలేను, అమ్మ పక్కనే ఉంటుంది.

అమ్మ ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. కంగారు పడకు. గంజి తాగింది, పక్క మంచం ఆవిడ దగ్గర నీ గురించి గొప్పలు కూడా చెప్పుకుంది. బాధపడాల్సింది వేరే ఉంది.

ఆ కంట్లో తెల్లగా పువ్వు కనిపించిన నాడే ఆసుపత్రికి వెళ్దామన్నాను, గుర్తుందా? నాన్న ఒప్పుకోలేదు. "పండనీయే. పచ్చి కాయ కోస్తే ఏటొస్తది?" అన్నాడు. కాఫీ తోటలో నేర్చుకున్న పాఠమే కంటికీ చెప్పాడు. ఎర్రగా పండిన పండే కొయ్యాలి, బుట్టలో ఒక్క పచ్చి కాయ పడినా ఊరుకోడు కదా ఆయన. ఊళ్లో అందరూ కాఫీ పెంచేవాళ్లే, అందరూ తలూపారు. అమ్మా ఊపింది. కుడి కంటికి కూడా మసక కమ్ముతోందని మనకి తెలియనివ్వలేదు. పండుని వేళ్లతో నొక్కి చూసి, మెత్తగా ఉంటే కోసేది, గట్టిగా ఉంటే వదిలేసేది. మన తోటలో ఆవిడ బుట్టంత శుభ్రమైన బుట్ట లేదు. ఇంక అనుమానం ఎలా వస్తుంది?

మొన్న ఎడమ కన్ను నిప్పులా ఎర్రబడింది. నొప్పికి తల గోడకేసి కొట్టుకుంది, వాంతులు చేసుకుంది. పైత్యమని నాన్న ఏదో వేరు అరగదీసి పట్టించాడు. తగ్గకపోయేసరికి నేనే జీపెక్కించి కొండ దింపాను. డాక్టరు భానుశ్రీ గారు పరీక్ష చేసి నన్ను తలుపు దగ్గరికి పిలిచారు. శుక్లం బాగా ముదిరి ఉబ్బిపోయి, కంట్లో నీరు బయటికి పోయే దారిని మూసేసిందట. ఆ ఒత్తిడికి కంటి నరం చచ్చిపోయిందట. శుక్లం తీసేస్తే నొప్పి పోతుంది, చూపు మాత్రం ఇక రాదు అన్నారు.

లోపలికి వెళ్లగానే చూపొస్తుందా అని అడిగింది అమ్మ. రాకపోతే ఈ కోత ఎందుకు, ఇంటికి పోదాం అంది. అంత నొప్పితో ఎలా తీసుకుపోను? వస్తుందమ్మా, తప్పకుండా వస్తుంది అనేశాను. సరేనని పడుకుంది. రేపు కట్టు విప్పుతారు. ఏ మొహం పెట్టుకుని ఆవిడ ముందు నిలబడను? నాకు ఏడుపొస్తోంది అన్నా.

నీ చెల్లెలు,
సోని

అన్నా,

ఆ ఉత్తరం నీకు అందే ఉంటుంది. తర్వాత జరిగింది విను.

కట్టు విప్పారు. ఏమీ కనిపించడం లేదని అమ్మ నెమ్మదిగా చెప్పింది. నేను ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"డాక్టరమ్మ తలుపు కాడ సెప్పింది నానూ ఇన్నాను. కన్ను పోయింది గాని సెవులు పోనేదు కదే" అంది.

తెలిసి తెలిసి ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. నాన్న కంట్లో కూడా పువ్వు మొదలైందట. అదీ పండాలని ఆయన ఎదురుచూస్తున్నాడట. నేనాడిన అబద్ధం వినగానే ఆవిడకి ఆలోచన వచ్చింది. ఇదే అబద్ధం మీ అయ్యకీ ఆడితే ఆయన కొండ దిగుతాడు అంది.

ఊళ్లో జీపు దిగగానే చుట్టూ మూగారు. కనిపిస్తోందని చెప్పింది అమ్మ. నాన్న అంత తేలిగ్గా నమ్మే మనిషా? కుడి కన్ను చేత్తో మూసుకోమని, పచ్చివీ పండినవీ కలిపి దోసెడు కాఫీ పళ్లు ఆవిడ ఒళ్లో పోశాడు. పండినవి ఏరమన్నాడు. అమ్మ ఒక్కొక్కటే తీసి, నొక్కినట్టు తెలియకుండా నొక్కి, పండినవి ఒక పక్క, పచ్చివి ఒక పక్క పెట్టింది. ఒక్కటీ తప్పలేదు. నేను చూడలేక లోపలికి వెళ్లిపోయాను. ఆ వారమే నాన్న మాతో జీపెక్కాడు.

ఆయన శుక్లం ఇంకా ముదరలేదు కాబట్టి ఆపరేషన్ బాగా జరిగింది, చూపొచ్చింది. నిన్న కట్టు విప్పాక ముందు కిటికీని చూశాడు, తర్వాత అమ్మ ముఖాన్ని చూశాడు. మసక లేని కంటితో చాన్నాళ్ల తర్వాత చూడటం కదా, నవ్వాడు. కాసేపటికి ఆ నవ్వు పోయింది. అమ్మ ఎడమ కంటి పక్కగా వేలు ఆడించాడు. రెప్ప కదల్లేదు.

"మరి పళ్లెలాగ ఏరినావే?" అన్నాడు.

"మెత్తగుంటే పండినట్టే కదా. నువ్వు నేర్పిందే."

నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు అన్నా. అమ్మ చెయ్యి తన కళ్ల మీద పెట్టుకుని, అందరి ముందూ, చిన్న పిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ ఆపమనలేదు. భానుశ్రీ గారు వచ్చేదాకా అలాగే ఉన్నారు ఇద్దరూ.

ఆవిడ రాగానే నాన్న మంచం దిగి అమ్మ కుడి కన్ను చూపించాడు. "దీన్ని పచ్చిదే కోసీయండమ్మా. బేగి కోసీయండి" అన్నాడు.

సోమవారం చేస్తారట. నువ్వు వచ్చి పక్కన ఉండు. కట్టు విప్పినప్పుడు ఆ ఒక్క కంటికి నువ్వే ముందు కనిపించాలని అమ్మ ఆశ.

నీ చెల్లెలు,
సోని