డాక్టరమ్మకు కుసుమ నూనె

ఆలూరు, ఫాల్గుణం, ఆదివారం, 1956

జ్వరం తగ్గినా మా దొరసాని డాక్టరమ్మకు నోరు చేదుగానే ఉండాది. గుడ్డు పచ్చసొనలో నూనె చుక్కచుక్క పోసి గిలక్కొట్టే వాళ్ల దేశపు మయొనైజ్ తినాలని ఉండాదనె. నేనే చేస్తానంటి. పచ్చినూనె ఆమెకు పడదేమోనని, ఊరగాయకు కాచినట్టే కాచి, ఆరకముందే పోస్తి. సొన ఉడికి ముద్దలైపాయ. శానా ఏడుపొచ్చె.

పక్కింటి ఖాసీంబీ చూసి, "నూనె మంచిదైతే కాచేదెందుకమ్మా?" అని, పొద్దున వాళ్ల గానుగలో ఆడిన కుసుమ నూనె తెచ్చిచ్చె. ఘాటు వాసనే లేదు. ఈసారి కుదిరింది. ఆ తల్లి చల్లగుండాల.

డాక్టరమ్మకు పచ్చిగుడ్డు అరుగుతాదో లేదోనని ఇంకా గుబులే. పుట్టగానే ఏడవని నా బిడ్డను తలకిందులుగా పట్టుకొని ఊపిరి పోసిన చేతులవి. ఈరోజు ఆ చేతివేళ్లతోనే గిన్నె అడుగంతా తుడుచుకొని తినె.