ఇంటోళ్లను ఎప్పుడు ఇడుస్తరు?

చిరంజీవి తమ్ముడు యాదగిరిని హైదరాబాదు నుంచి అక్క సుభద్ర దీవించి రాయునది.

ముందు నీ తప్పు దిద్దుతాను; పంతులమ్మ పని వదిలి ఎన్నేళ్లయినా ఆ జబ్బు పోలేదు. తిండి నచ్చక మన మనవరాలు సౌమ్య ఆ అద్దాల మేడ కంపెనీలో చేరడానికి వెనకాడుతోందని ఫోన్లో అన్నావు. అబద్ధం. అక్కడి తిండి నీ పెళ్లి భోజనం కన్నా నయం.

ఇక్కడ నేనూ, సౌమ్యా కులాసా. మరదలి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఈ వానల్లో నాకు మాట్లాడే తోడు లిఫ్టు ఒక్కటే. అదీ ఇంగ్లిషులోనే మాట్లాడుతుంది.

చేరబోయేవాళ్ల ఇంటి పెద్దలను కూడా ఆ కంపెనీ ఒకరోజు పిలిస్తే వెళ్లాను. పని తెలిసిన సాఫ్ట్‌వేర్ వాళ్లను ఆకట్టుకోవడానికట, లోపల జారుడుబల్ల పెట్టారు. అంగన్‌వాడీలోనైతే పిల్లలన్నా ఎక్కుతారు. ఇక్కడ ఎక్కే తీరిక ఉన్న ముఖం ఒక్కటీ కనబడలేదు. మమ్మల్ని తిప్పి చూపిస్తున్న అమ్మాయి, "అవ్వా, ఈడ మేమంత ఒక్క ఇంటోళ్లమే" అని మురిసిపోయింది.

"మంచిదే బిడ్డా. పత్తి ఏరే కైకిలి కూలోళ్లను మేము పొద్దుగూకంగనే ఇడిసిపెడుతం. ఇంటోళ్లకే బర్రెను కట్టేసినంక గూడ పని ఒడువది. మరి మీరు ఇంటోళ్లను ఎప్పుడు ఇడుస్తరు?" అన్నాను.

ఆమె నవ్వి, మళ్లీ జారుడుబల్ల చూపించింది.

సౌమ్యను పిలిచిన రెండో కంపెనీ ఒక టైల్స్ దుకాణం పైన ఉంది. చాయ్ కూడా నీళ్లనీళ్లేనట. కానీ పరీక్ష పెట్టిన పెద్దామె పొడుపు కథలు వేయకుండా, తాము రోజూ నడిపే ప్రోగ్రామునే ముందు పెట్టిందట. మన పిల్ల నోరు ఊరుకుంటుందా? "గిది ఎవరో తొందరల రాసిన్రు, గీడ ఆగిపోతది" అనేసిందట. ఆమె దాన్ని మళ్లీ చదివి, "రాసింది నేనే. నువ్వన్నది నిజమే. వచ్చి సక్కజేస్తవా?" అన్నదట. ఆ మాట చెబుతున్నప్పుడు పిల్ల ముఖం నువ్వు చూడాల్సింది. తప్పును తప్పంటే వినే మనిషి దొరికితే పని తెలిసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఇంత చిన్న సంగతి తెలియకనే అద్దాలవాళ్లు జారుడుబల్లలు కొంటున్నారు.

జీతాలు ఇంచుమించు ఒకటే. శనివారంలోగా ఏదో ఒకటి తేల్చమన్నారు. నువ్వేమో మార్కెట్ యార్డులో అందరికీ అద్దాల కంపెనీ అని చాటేశావు. పిల్ల నలిగిపోయింది.

"అమ్మమ్మా, కాదంటే తాత చిన్నబోతడేమో."

"చిన్నబోతడు. ఒక పూట బువ్వ తినడు, రెండో పూట అడిగి మరీ తింటడు. రోజూ పనికి పోయేది నువ్వా, మీ తాతనా?"

నిన్న టైల్స్ దుకాణం పైవాళ్లకే ఒప్పుకుంది. యార్డులో నువ్వే దిద్దుకో. కురవి వీరన్నకు కంపెనీ పేరు పెట్టి మొక్కి ఉంటే అక్కడా దిద్దుకో.

అక్కడ మన పెద్దమ్మకు నా దండాలు, పిల్లను దీవించమను. నెలకో వారం ఎక్కడినుంచైనా పని చేసుకోవచ్చట. మొదటి వారం కేసముద్రంలో మీ ఇంట్లోనే అంటోంది, నేనూ వస్తాను. మేడ మీది గదిలో ప్లగ్గు వదులైంది, ఛార్జర్ నిలవదు. కరెంటు పని తెలిసినవాణ్ణి పిలిచి మార్పించు. నువ్వు మాత్రం ముట్టకు. నువ్వు బాగుచేసిన ఫ్యాను ఇప్పటికీ వెనక్కే తిరుగుతోంది.

అక్క సుభద్ర