టిచ్ బటన్ల చొక్కా

కెర్నీ, నెబ్రాస్కా
ఆదివారం

ప్రియమైన ఆర్డిస్ అక్కకు,

నువ్వు పంపిన జామ్ సీసాలు పగలకుండా చేరాయి. ఒకటి అప్పుడే సగమైంది. నీ మరిది వెండెల్‌కి రొట్టె ఉన్నా లేకపోయినా ఒకటే, చెంచా ఉంటే చాలు.

వచ్చే శనివారం నేనూ లూఎల్లా వయోమింగ్ వెళ్తున్నాం. బిగ్‌హార్న్ కొండల కింద ఒక పశువుల రాంచ్‌లో వారం రోజుల సెలవు. గుర్రాలెక్కడం, ఆవుల్ని తోలడం, వాళ్లు వండిపెట్టింది తినడం. ఈ వయసులో దీనికేం పొయ్యేకాలం అనుకుంటున్నావు కదూ? మా బౌలింగ్ జట్టు లాటరీలో లూఎల్లాకి తగిలిందీ ప్రయాణం, ఇద్దరికి. వాళ్లాయన గుర్రం బొమ్మ చూసినా తుమ్ముతాడు. దాంతో నా మెడకు చుట్టుకుంది.

ఆ రాంచ్ యజమానురాలి పేరు ట్వైలా. ఆడవాళ్లు ఏమేం వేసుకోవాలో ముందే ఒక కాగితం మీద రాసి పంపింది. అప్పటినుంచీ లూఎల్లా సాయంత్రమయ్యేసరికి ఫోను.

"ఒసేయ్ రొవీనా, మడమ ఉన్న బూట్లే కావాలట. నా టెన్నిస్ బూట్లకేం రోగమే?"

"మడమ లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి జారుతుంది. అప్పుడు నువ్వు కింద, గుర్రం పరుగులో."

"అమ్మో! మరి జీన్సు?"

"కొత్తది వద్దు. లోపలి కుట్టుకి తొడలు ఒరుసుకుపోతాయి. ఉతికి ఉతికి మెత్తబడ్డదే తెచ్చుకో."

"మెత్తబడ్డవన్నీ నేను సన్నగా ఉన్నప్పటివే! ఇప్పుడు మోకాలి దగ్గరే ఆగిపోతున్నాయి."

దాని కష్టం దానిది. నా కష్టం ఆ కాగితంలో ఇంకో చోట ఉంది. పొడుగు చేతుల చొక్కా, టిచ్ బటన్లది అయితే మంచిదని రాసిందావిడ. టిచ్ బటన్లంటే తెలుసుగా, కాస్త లాగితే టపటపా విడిపోతాయి. ఆ చొక్కా కింద ఏముందో, ఏం లేదో నీకు తెలుసు. నీకూ డాక్టరుకీ వెండెల్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. లూఎల్లాకి పిత్తాశయం ఆపరేషన్ అని చెప్పాను. దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఎడమ రొమ్ము తీసేశారని చెబితే, ఆదివారం చర్చిలో నా పేరు పెట్టి మరీ ప్రార్థన చేయిస్తుంది.

రొమ్ము బదులు పెట్టుకోమని కొట్లో అమ్మేది నాకు పడలేదు, చెమటకి ఒళ్లంతా పేలింది. నేనే మెత్తటి గుడ్డ సంచీ కుట్టి, వెండెల్ పిట్టలకు వేసే కొర్రలు నింపుకున్నాను. బరువు అచ్చంగా కుదిరింది. ఊళ్లో వాళ్లందరి బట్టలూ సరిచేసి బతికినదాన్ని, నా బట్ట నేను సరిచేసుకోలేనా! టిచ్ బటన్ల చొక్కా కొన్నరోజే మిషను ముందు కూర్చుని, మెడ దగ్గర ఒక్క బటన్ వదిలి, కింది పట్టీ అంతా జీన్సు దారంతో రెండు వరసలు కుట్టేశాను. తల మీంచి దూర్చుకుంటాను. పైకి చూస్తే బటన్లు బటన్లే. ఎద్దుల్ని కట్టి లాగినా ఊడదు.

ఇప్పుడు అసలు మాట. ఫోనులో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను. రాంచ్ నుంచి నేను ఇంటికి రాను. నువ్వు సరేనంటే అటునుంచి అటే నీ దగ్గరికి వస్తాను, ఉండిపోవడానికి. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రే వెండెల్ ఒక్క మాటైనా అనకుండా దిండు తీసుకుని పక్క గదిలోకి వెళ్లాడు. సరే, గాయం పచ్చిగా ఉందనుకున్నాను. గాయం మానింది, మంచు కరిగింది, తోటలో టొమేటోలు కాయడం మొదలెట్టాయి. దిండు అక్కడే ఉంది. కాఫీ చేసి ఇస్తాడు, అంట్లు తోముతాడు, నా కారుకి తనే పెట్రోలు పోయించుకొస్తాడు. మనిషి మాత్రం నా దగ్గరికి రాడు. అసహ్యమేస్తే ఆ ముక్క అనొచ్చు. ఇంత మర్యాదగా చూసుకుంటుంటే నాకు మింగలేక కక్కలేక ఉంది. ఆ ఇంట్లో చుట్టంలా ఉండలేను అక్కా.

నీ చెల్లెలు,
రొవీనా


రాంచ్ నుంచి
ఆదివారం, మధ్యాహ్నం

అక్కా,

బయల్దేరే ముందు నీ జవాబు అందింది. కిటికీ ఉన్న గది నాకే అన్నావు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. అడగనందుకు కాసేపు ఏడ్చి పెట్టె సర్దుకున్నాను.

ఇక్కడ ఫోను ఒక్కటే, అదీ వంటింట్లో, బిస్కెట్లు కాల్చే పొయ్యి పక్కన. మనం మాట్లాడితే వంటవాళ్లకి కాలక్షేపం. అందుకే ఉత్తరం.

పొద్దున్న ట్వైలా మమ్మల్నందరినీ గుర్రాల దొడ్డి కంచె దగ్గర వరసగా నిలబెట్టింది. బక్కపల్చటి మనిషి, టోపీ అంచు కింద మొహం కనబడదు, గొంతు మాత్రం కొండ అవతలికి వినబడుతుంది. గుర్రం ఇచ్చేముందు ప్రతి మనిషి బట్టలూ చూస్తుంది. డెన్వర్ నుంచి వచ్చిన ఒకావిడ తెల్లటి కోటు వేసుకొచ్చింది, చేతుల పొడుగునా తోలు కుచ్చులు వేలాడుతూ.

"చాలా బాగుందమ్మా," అంది ట్వైలా. "గుర్రం ఏమనుకుంటుందో నాకు తెలీదు గానీ, దూడలు మాత్రం ఒక్క కుచ్చు మిగల్చవు. విప్పేసి రండి."

లూఎల్లా కొత్త జీన్సులో కర్రలా నిలబడి ఉంది. ట్వైలా దాని చుట్టూ తిరిగి, "కూర్చోండి చూద్దాం," అంది. అది కూర్చోలేకపోయింది. ఇంటి లోపలి నుంచి ఎవరిదో పాత మగ జీన్సు తెప్పించి ఇచ్చారు, నడుముకి తాడుతో.

ఆ తర్వాత టిచ్ బటన్ల సంగతి. "ఇది సోకు కాదు," అంటూ తన చొక్కా పట్టుకుని ఒక్క లాగు లాగింది. పైనుంచి కిందిదాకా టపటపా విడిపోయింది. లోపల మాసిన బనీను. అక్కడ గుర్రాలు కడుగుతున్న మగవాళ్లు తలెత్తి చూడను కూడా చూడలేదు. "దిగేటప్పుడు జీనుకి పొట్ట ఆనించి జారతాం. జీను ముందున్న ఈ కొమ్ము చొక్కాలో దూరిందా, కాళ్లు నేలకందవు. గుర్రం నడవడం మొదలెడితే అయిపోయినట్టే. చొక్కా పోతే పోనీ, మనిషి దక్కాలి. అందరూ మీ మీ చొక్కాలు ఓసారి లాగి చూసుకోండి."

అందరూ కిలకిలా నవ్వుతూ లాగి చూసుకున్నారు. నా వంతు వచ్చింది. "నాది ఇంట్లోనే చూసుకున్నాను, బాగానే వస్తుంది," అన్నాను. చెవులు వేడెక్కిపోయాయి. ఆవిడ నన్ను ఓ క్షణం చూసి ముందుకెళ్లింది. చెప్పెయ్యొచ్చు కదా అంటావు. ఏమని చెప్పను? లూఎల్లా నా భుజం పక్కనే ఉంది.

నాకు ఇచ్చిన గుర్రం పేరు డీకన్. ముసలిది, పెద్ద బొజ్జది, దేనికీ తొందరపడదు. అలాంటిది నన్నేం చేస్తుందిలే.

రొవీనా


మంగళవారం, సాయంత్రం

అక్కా,

ముందు ఒక మాట: ఒళ్లు గుల్లకాలేదు, బాగానే ఉన్నాను. ఇక చదువు.

నిన్న ఆవుల్ని వాగు దాటించి వచ్చాం. తోలింది మేమా, మమ్మల్ని ఆవులు తోలాయా అంటే చెప్పలేను. ఒళ్లంతా దుమ్ము, కానీ చాలాకాలం తర్వాత నాకు ఆకలేసింది. అందరం దొడ్డి దగ్గర దిగుతున్నాం. నేను కుడికాలు ఇవతలికి తెచ్చాను, పొట్ట ఆనించాను, ఎడమకాలు రికాబులోంచి తీసి జారాను. సగంలో ఆగిపోయాను. పైకి లేచిన చొక్కా అంచు కిందినుంచి జీను కొమ్ము లోపలికి దూరింది. నా కాళ్లు గాలిలో ఉన్నాయి. కిందికి లాగాను, కుట్టు ఊడలేదు. నా కుట్టు ఎందుకు ఊడుతుంది!

డీకన్‌కి దాహమేసింది. తొట్టి వైపు నడక మొదలెట్టింది. నేను దాని పక్కన ఆరేసిన చొక్కాలా వేలాడుతూ పోతున్నాను. చొక్కా మెడకి బిగుసుకుంది, అరవడానికి ఊపిరి లేదు. నా పాదాల పక్కనే దాని గిట్టలు పడుతున్నాయి. అప్పుడు భయపడ్డాను అక్కా. ఆపరేషన్ బల్ల మీద కూడా అంత భయపడలేదు.

"లాగండి! చొక్కా లాగండి!" అని ట్వైలా అరుపు. తర్వాత ఆవిడ పగ్గం పట్టుకోవడం, "ఇది ఊడదేంటి!" అనడం, చాకు తీయడం వినబడ్డాయి. మెడ నుంచి నడుము దాకా ఒక్క కోత. చొక్కా, లోపలి బట్ట, కొర్రల సంచీ, అన్నీ కలిపి తెగాయి. నేను నేల మీద కూలబడ్డాను, నడుం పైన ఏ అడ్డూ లేకుండా. కొర్రలు జలజలా రాలాయి.

నేను దేనికి భయపడి కుట్టానో అది పట్టపగలు అందరి కళ్ల ముందూ ఉంది. చేతులు అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. అంతలో డీకన్ తల దించి, నా ఒళ్లో పడ్డ కొర్రలన్నీ వాసన చూసి, తినడం మొదలెట్టింది. నిదానంగా, ఇష్టంగా, పెదాలు చప్పరిస్తూ. సంచీ కూడా నాకి పెట్టింది.

ముందు నవ్వింది నేనే. ఎక్కడినుంచి వచ్చిందో ఆ నవ్వు, ఆగలేదు. ట్వైలా తన కోటు నాకు కప్పుతూ, "ఈ ముసలాడికి ఇంత ఖరీదైన దాణా ఎప్పుడూ పెట్టలేదమ్మా," అంది. డెన్వర్ ఆవిడ నవ్వింది, ఏడ్చింది. తర్వాత ట్వైలా నన్ను గుర్రపుశాలలోకి తీసుకెళ్లి తలుపు వేసి గట్టిగా చీవాట్లు పెట్టింది.

"దాచుకోండి, మీ ఇష్టం. నాతో ఒక్కముక్క చెప్పుంటే లోపల బిగుతు బనీను వేయించేదాన్ని, పైన చొక్కా ఊడినా మీ గుట్టు మీ దగ్గరే ఉండేది. చచ్చిపోయేవారు తెలుసా?" అంది. అని, గట్టి గుడ్డ బనీను ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. నిజమే, అది నాకు తోచనే లేదు. దర్జీపనిలో పండిపోయానని విర్రవీగానుగా.

ఇది నీకు నవ్వుకోడానికి. రాయవలసింది ఇంకా ఉంది.

నిన్న రాత్రి నుంచీ లూఎల్లా నాకు దూరంగా ఉంటోంది. బల్ల దగ్గర నా పక్క కుర్చీ వదిలి దాని అవతలిదాంట్లో కూర్చుంది. ఎప్పుడూ నా వీపు మీద చరిచి మాట్లాడేది, చేతులు ఒళ్లో పెట్టుకుని కుక్కిన పేనులా ఉంది. కాఫీ పోసి నా ముందుకు తోసి గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇక నావల్ల కాలేదు. ఈ మధ్యాహ్నం వరండాలో నిలేశాను.

"ఏమే, నాకేమన్నా అంటురోగమా? చూడ్డానికి అంత రోతగా ఉందా?"

అది నోరు తెరుచుకుని చూసింది. "రోతేంటే? తగిల్తే నొప్పి పుడుతుందేమోనని. నా చేతులు మొద్దు చేతులు, తెలుసుగా. ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోకూడదో నువ్వు చెప్పందే నాకెలా తెలుస్తుంది?"

"ఎక్కడైనా పట్టుకోవచ్చు మొద్దుమొహమా, ఎప్పుడో మానిపోయింది!"

అది నన్ను వాటేసుకుంది, ఎముకలు విరిగేలా. పిత్తాశయం కథ చెప్పినందుకు వీపు మీద రెండు దెబ్బలు కూడా వేసింది. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది, ఆ ఒట్టు ఎంతకాలమో నాకు తెలుసు. పరవాలేదు.

దాని భుజం మీద తల పెట్టుకుని ఉండగా నాకు వెండెల్ గుర్తొచ్చాడు. కాఫీ నా ముందుకు తోసి చెయ్యి వెనక్కి తీసుకునే వెండెల్. ఆయన చేతులు లూఎల్లా చేతులకంటే మొద్దువి, బతుకంతా ధాన్యం గోదాములో బస్తాలు ఎత్తిన చేతులు. నేను బట్టలు మార్చుకునేటప్పుడు గడియ పెట్టుకుంటాను. దీపం ఆర్పేస్తాను. మానిందని ఆయనకి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు.

నేను అనుకున్నదే నిజం కావచ్చు. కాకపోవచ్చు కూడా. అడగకుండా పెట్టె సర్దుకున్నాను, అదొక్కటే ఖాయం. గది అలాగే ఉంచు అక్కా. అవసరం పడితే వస్తాను. రేపు పొద్దున్న ఆయనకి రాస్తాను.

రొవీనా


బుధవారం

వెండెల్,

శనివారం లూఎల్లా కారులో రానని నీకు చెప్పలేదు. రాంచ్ నుంచి ఆర్డిస్ దగ్గరికి వెళ్లి అక్కడే ఉండిపోదామనుకున్నాను. నువ్వు నా పక్కకి రావడం మానేశావు, ఎందుకని నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. ఇద్దరం మంచివాళ్లం కదా, ఎవరినీ నొప్పించం.

ఇక్కడ ఒక తమాషా జరిగింది, నా ఛాతీ ఒక రాంచ్ మొత్తం చూసింది. ఆ కథ ఎదురుగా కూర్చుని చెబితేనే బాగుంటుంది. ఎవరూ పారిపోలేదు. ముప్ఫై ఏళ్లు నాతో కాపురం చేసినవాడివి, నువ్వొక్కడివే చూడలేదు. చూడనివ్వలేదు నేను.

ఈ ఉత్తరం శుక్రవారానికి అందుతుందని ట్వైలా అంది, శనివారం నువ్వే రా. దారి దూరమే, పొద్దున్నే బయల్దేరు. ఇక్కడ మాకు ఇచ్చిన గదికి పెద్ద కిటికీ ఉంది, మధ్యాహ్నమంతా వెలుతురు ఉంటుంది. ఆ వెలుతుర్లో చొక్కా విప్పుతాను. నువ్వు చూడు. అప్పుడు అడుగుతాను, పక్క గదిలోకి ఎందుకు వెళ్లావని. అబద్ధం చెప్పకు. అసహ్యమైతే నా మొహం మీదే చెప్పు, ఇక్కణ్ణుంచి ఆర్డిస్ వాళ్ల ఊరికి బస్సు ఉంది, కోపం లేకుండా ఎక్కుతాను.

తాకడానికి భయమైతే మాత్రం, వెండెల్, నాకు నొప్పి లేదు.

రొవీనా