చేదతాడు ముడి

1945, శుక్రవారం రాత్రి

నా కొడుకు చెంగయ్యతో పటాలంలో ఉన్న మునెయ్య, పుత్తూరులో చేతికి కట్టు కట్టించుకుని ఇవాళ మా ఇంటికి వచ్చాడు. కొడుకు ఎట్లా పోయాడో ఇన్నాళ్లకు తెలిసింది. వీళ్ల పటాలం పోయిన గ్రీసు దేశంలో అక్కడివాళ్లు వాళ్లలో వాళ్లే కొట్టుకుంటూ వంతెన పేల్చేశారట. దాంతోపాటు టెలిఫోను తీగ కూడా తెగిపోయింది. ఏటికి అవతల చిక్కిన మన సిపాయిలకు వేరే దారి చెప్పాలని మావాడు ఏట్లో దిగి తీగ ముడివేశాడట.

“కబురు పోయింది పెద్దమ్మా, అందరూ బయటపడినారు. గుండు తగిలి వాడే ఒడ్డుకు రాలే. ‘మాయమ్మ చేదతాడుకేసే ముడిరా, తెగదు’ అని నాతో నగతానే దిగినాడు” అన్నాడు మునెయ్య.

ఆ ముడి నేర్పింది నేనే. నేర్పకపోతే దిగేవాడు కాదేమో. ఆ బతికినవాళ్లకూ తల్లులు ఉంటారు కదా...

సాయంత్రం మా చేదతాడు తెగింది. ముడివేయడానికి చేతులు రాలేదు. పక్కింట్లో బిందెడు నీళ్లు అడిగి తెచ్చుకున్నాను.