భూపతి బరువు మూడు కిలోలు

పీలమేడు, జూలై 6

పెంచి పెద్దచేసిన అత్తకు కృత్తిక దండాలు.

ఫోన్ చేస్తే ఎత్తను, తెలుగులో రాస్తేనే బదులిస్తానని నువ్వు పెట్టిన రూలు ప్రకారం ఈ ఉత్తరం. కాలేజీలో రోబో పోటీకి పేరిచ్చాను. వాళ్ళ రూళ్ళు నీవాటికన్నా కఠినం. రోబో ఇరవై అడుగులు పోయి, బంతి పట్టుకుని, బయలుదేరిన చోటికే రావాలి. చేత్తో ముట్టకూడదు. నోటితో ఒకే ఒక్క మాట చెప్పాలి. ఆదివారాలు కూడా ల్యాబులోనే. ఈ నెల వాడిపట్టికి రాలేను.

నీ కృత్తిక

తా.క. భూపతి బరువు మూడు కిలోలు దాటకూడదట. తగ్గిస్తున్నాను.

వాడిపట్టి, జూలై 11

కృత్తికకు అత్త సంతానలక్ష్మి దీవెనలు.

ఎవరీ భూపతి? ఎవరింటి బిడ్డ? వాడికి తిండి పెడుతున్నావా లేదా? మగబిడ్డను పస్తు పెట్టి బరువు తగ్గించిందని మనింటికి పేరు రాకూడదు. ఒకసారి వచ్చి సంగతి చెప్పు.

అత్త

తా.క. నువ్వు రావడం లేదని నీ మంచం మీద టెంకాయలు పోశాను. అవీ నీలాగే ఉన్నచోటు వదిలి కదలవు.

పీలమేడు, జూలై 13

అత్తకు దండాలు.

నీ జవాబు ఇంకా అందలేదు. భూపతితో చిక్కొచ్చింది. నేను 'పో' అంటే పోతాడు. పక్క టీమువాళ్ళు 'పో' అన్నా పోతాడు, తమిళంలోనూ అదే మాటాయె. పోయినవాడు తిరిగి రాడు. నిన్న గోడకు గుద్దుకుని అక్కడే నిలబడిపోయాడు. చూస్తే ఏడుపొచ్చింది.

నీ కృత్తిక

తా.క. కళ్ళు పనిచేయలేదు. గాంధీపురం బజారులో కొత్తవి కొని పెట్టాను.

వాడిపట్టి, జూలై 18

కృత్తికకు దీవెనలు.

ఎవరు పొమ్మన్నా పోయేవాడు, పోతే తిరిగి రానివాడు మనకు అల్లుడు, మాప్పిళ్లె కాలేడు. పైగా కళ్ళు కూడా కొన్నవే అంటున్నావు. పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడాలి, ఆదివారం బయలుదేరు.

అయినా తప్పు నీదే. గడప దాటే మనిషిని మనింట్లో ఎప్పుడైనా 'పో' అన్నామా? 'పోయిరా' అంటాం. సగం మాటే చెప్తే వాడు సగం పనే చేస్తాడు.

అత్త

తా.క. భూపతిని తేవద్దు. నువ్వొక్కతే రా.

పీలమేడు, ఆగస్టు 3

అత్తా, దండాలు.

భూపతి రోబో పేరు. హాస్టలంతా నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వారు. కానీ వాడికి మళ్ళీ మొదటినుంచి 'పోయిరా' నేర్పాను. పోటీలో అందరూ 'పో' అని అరిస్తే ఎవరి మాట వినాలో తెలియక రోబోలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. నేను 'పోయిరా' అన్నాను. భూపతి పోయాడు, బంతి పట్టాడు, వచ్చాడు.

జడ్జి ముకుంద్ సారు అవి రెండు మాటలన్నారు. "మా ఇంట్లో అది ఒకటే మాట సార్. రెండో సగం లేకుండా ఎవరినీ పంపరు" అన్నాను. ఆయనదీ సూలూరులో తెలుగిల్లేనట. ఒప్పుకుని మార్కులు వేశారు. మొదటి బహుమతి మాకే.

నీ కృత్తిక

తా.క. వచ్చే నెల చెన్నైలో ఫైనల్. మళ్ళీ ల్యాబే.

వాడిపట్టి, ఆగస్టు 8

బహుమతి తెచ్చిన నా బిడ్డకు దీవెనలు.

భూపతి రోబో అని నీ మొదటి ఉత్తరంలోనే తెలిసింది. మూడు కిలోల మగబిడ్డ పురిటి గదిలో తప్ప ఎక్కడుంటాడు? కల్యాణం తగువు పెడితే ఉన్నపళంగా బస్సెక్కుతావనుకున్నాను. ఊరికే రమ్మంటే నీ పనికి అడ్డమవుతానని నోరు రాలేదు. నిన్ను చూడాలని ఉంది కన్నా, అంతే. మంచం మీద టెంకాయలు తీసేశాను.

అత్త

తా.క. కాలేజీ తెరిచిన రోజు బస్టాండులో నీకూ ఆ మాటే చెప్పి పంపాను. భూపతి మాత్రం మొత్తం విన్నాడు.